సొమ్ము ఊరిది, సోకు నేతలది

ఊరంతా పోగుచేసి ఒక పిల్లవాణ్ణి విమానం ఎక్కించడం తేలికే. ఎక్కించింది ఎవరో తేల్చడమే కష్టం. కావాలంటే కెన్యాను అడగండి.

బ్రిటిష్ ఏలుబడిలో అక్కడ నల్లవారికి కాలేజీ చదువు గగనకుసుమం. కార్మిక నాయకుడు టామ్ ఎంబోయా అమెరికా కాలేజీల్లో సీట్లు, స్కాలర్‌షిప్పులు సంపాదించాడు. ఖర్చులకు కుటుంబాలు, ఊళ్లు చందాలు వేసుకున్నాయి. విమానం కిరాయి కోసం అమెరికాలో గాయకుడు హ్యారీ బెలఫాంటే, నటుడు సిడ్నీ పాటియే, బేస్‌బాల్ వీరుడు జాకీ రాబిన్సన్ సంతకాలతో విజ్ఞప్తి వెళ్లింది. 1959 సెప్టెంబరులో 81 మంది నైరోబీ నుంచి న్యూయార్క్‌లో దిగారు. అమెరికా డిగ్రీలు నాసిరకమని తెల్లదొరలు పెదవి విరిచారు. తాము పెట్టని కాలేజీల నాణ్యతపై వారికెంత పట్టింపో!

మరుసటి ఏడాది అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు; బరిలో కెనెడీ, నిక్సన్. అంతకుముందు పైసా విదల్చని విదేశాంగ శాఖకు, కెనెడీ కుటుంబ ఫౌండేషన్ లక్ష డాలర్లు ఇస్తోందని తెలియగానే విద్యాదానం గుర్తొచ్చింది. తానూ లక్ష ఇస్తానంది! నిక్సన్ వర్గం సెనెట్‌లో గగ్గోలు పెట్టింది. ఇవ్వడానికి లేని పోటీ పేరుకు వచ్చింది.

అక్కడితో ఆగిందా? కెన్యా వాడైన తన తండ్రి అమెరికా రాకకు డబ్బు పెట్టింది కెనెడీలేనని 2007లో బరాక్ ఒబామా సభలో చెప్పేశారు. తండ్రి వచ్చింది 1959లో, కెనెడీల డబ్బు వచ్చింది 1960లో. పొరపాటేనని 2008లో ఆయన ప్రచార బృందమే ఒప్పుకుంది.