కండక్టరు గారి నెట్టు డబ్బా

నేను సెకండ్ హ్యాండు సరుకుని. దాచుకోవాల్సిందేమీ లేదు. నా పొట్ట కింద స్టిక్కరు ఒక మూల చినిగి ఉంటుంది, తిప్పి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. నరసాపురం రాకముందు భీమవరంలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో, గోడంత టీవీ కింద బతికాను. ఆ ఇంటాయన నెలకు 999 రూపాయల ప్లాను కట్టేవాడు. 150 ఎంబీపీఎస్ వేగం, దానితోపాటు పేర్లు కూడా గుర్తుండనన్ని సినిమా యాప్‌లు. నా లోంచి ఏం పోతోందో చదవడం నాకు చేతకాదు, అంతా తాళం వేసుకునే వస్తుంది. ఎంత పోతోందో మాత్రం నాకు లెక్కుంటుంది. సాయంత్రం టీవీలో సినిమా, పిల్లాడి చేతిలో ఫోను, ఆయన ఆఫీసు మీటింగు ఒకేసారి నడిచినా 30 దాటడమే గగనం. ఏదైనా పెద్ద డౌన్‌లోడు పెట్టినప్పుడు ఒక్క నిమిషం ఎగిరి మళ్ళీ కిందికి దిగేది. మిగతా నూట ఇరవైకీ ఆయన నెలనెలా డబ్బు కడుతూనే ఉన్నాడు. చెబుదామంటే నాకు నోరు లేదు, ఉన్నవి నాలుగు లైట్లు.

వాళ్ళు హైదరాబాదు మకాం మార్చాక నన్ను కంపెనీ వాళ్ళు వెనక్కి పట్టుకుపోయారు. మాలాంటి డబ్బాలు చాలావరకు కంపెనీ సొత్తే. వాడుకున్నన్నాళ్ళు ఇంట్లో ఉంటాం, కనెక్షను తీసేస్తే తిరిగి గోడౌనుకు పోతాం. అందుకే తీసుకునేటప్పుడు డబ్బాకు డిపాజిట్టు ఉందా, ఉంటే తిరిగొస్తుందా అని అడగాలి. నా అనుభవంలో ఆ మాట అడిగినవాళ్ళు తక్కువ. నేను చూసిన ఆ ఒక్క మనిషి కథే ఇది.

2025 జూన్‌లో ఒక కుర్రాడు నన్ను సంచిలో వేసుకుని నరసాపురంలో ఒక పెంకుటింటికి తెచ్చాడు. ఇంటాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి పదేళ్ళ క్రితం రిటైరయ్యారు. 2020 జనవరిలో ఏపీఎస్‌ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో కలిపారు గానీ, అంతకుముందే దిగిపోయినవాళ్ళకు ప్రావిడెంటు ఫండు ఆఫీసు ఇచ్చే ఈపీఎస్ పింఛనే పెద్ద దిక్కు. 2014లో ఆ పింఛనుకు కనీసం వెయ్యి రూపాయలని ఒక హద్దు పెట్టారు. దాన్నిబట్టి మిగతాది ఊహించుకోవచ్చు. మా కండక్టరు గారికి వచ్చేది 2,800. సొంతిల్లు ఉంది, బ్యాంకులో వేసిన కొద్దిపాటి డబ్బుకు వడ్డీ వస్తుంది, ఆయన భార్య మామ్మగారి చేతిలో లేసు సూది ఉంది. పుణేలో కొడుకున్నాడు, పంపుతానంటాడు. ఈయన అవసరమైతే అడుగుతానంటారు.

ప్లాను ఎంచుకున్న వైనం నేను రాకముందు జరిగింది. మామ్మగారు ఎదురింటావిడకు ఎన్నిసార్లు చెప్పిందో, నాకు మాట మాటా వచ్చేసింది. కొడుకు పుణే నుంచి ఫోను చేసి, "నాన్నా, 999ది పెట్టించేస్తాను, అన్నీ వస్తాయి" అన్నాడట.

"అన్నీ అంటే?"

"అన్ని ఓటీటీలూనూ."

"అవి మీ అమ్మ చూడదు, నేను చూడను. ఎంతవుద్ది?"

"చెప్పాగా నాన్నా, 999."

"అది బోర్డు మీద రాసే రేటు. చివరి స్టేజీ దాకా ఎంత?"

ముప్పై ఏళ్ళు టికెట్టు కొట్టిన మనిషి. 18 శాతం జీఎస్టీ కలిపితే అది 1,179 అవుతుందని ఫోను పెట్టకుండానే కొడుకు చేత చెప్పించారు. పింఛనులో సగానికి దగ్గర. ఆ తర్వాత పాత డైరీ ఒకటి తీసి లెక్క వేయడం మొదలుపెట్టారు. ఆ కాగితం ఇప్పటికీ నా పక్కనే క్యాలెండరు మేకుకు గుచ్చి ఉంది కాబట్టి అంకెలన్నీ నాకు కళ్ళెదుటే.

మొదట రెండు ఫోన్లు. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 299 రూపాయల రీచార్జి, 28 రోజులకు. ఏడాదికి పన్నెండు నెలలే గానీ 28 రోజుల రీచార్జీలు పదమూడు. ఆ పదమూడో రీచార్జి కింద ఆయన ఎర్ర సిరాతో రెండు గీతలు గీశారు. రెండు ఫోన్లకూ కలిపి ఏడాదికి 7,774. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ ఒకేసారి రేట్లు పెంచాక అయిన మొత్తం ఇది.

తర్వాత ఇంకో వైపు. 30 ఎంబీపీఎస్ ఇచ్చే 399 రూపాయల ప్లాను, జీఎస్టీతో 471. ఏడాదికి 5,652. ఇంతవరకు ఎవరైనా వేస్తారు, వేసి "అబ్బో, ఫోన్లకు ఇది అదనం" అని ఆగిపోతారు. ఆయన ఆగలేదు. ఇంట్లో నెట్టు ఉంటే ఫోన్లలో నెట్టు దేనికి? 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అన్ని కంపెనీలకూ ఒక నిబంధన పెట్టింది. నెట్టు లేకుండా మాటలకూ మెసేజీలకూ మాత్రమే పనికొచ్చే ప్లాను ప్రతివాళ్ళూ అమ్మాలని, దాని గడువు ఏడాది దాకా ఉండొచ్చని. అలా వచ్చినవాటిలో 1,849 రూపాయలకు ఏడాది పొడుగునా మాట్లాడుకునే ప్లాను ఒకటి ఉంది. కంపెనీలు దాన్ని గోల చేసి అమ్మవు, యాప్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది. ఈయన రీచార్జి షాపుకు వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుని చూపించమన్నారట. రెండు ఫోన్లకు 3,698. దానికి నెట్టు 5,652 కలిపితే 9,350. పాత ఖర్చు 7,774. తేడా 1,576. నెలకు 131 రూపాయలు.

అంటే ఇంటికి నెట్టు పెట్టించుకోవడానికి ఆ ఇంట్లో కొత్తగా అయ్యే ఖర్చు 471 కాదు, 131. నా మీద ఎంతమంది ఎన్ని ప్రకటనలు రాశారో గానీ ఈ అంకె ఒక్కరూ రాయలేదు. ఒక ఇబ్బంది ఉంది, అది కూడా కాగితం మీద ఉంది: "బయటికెళ్తే వాట్సాప్ రాదు." పక్కనే మామ్మగారి రాత: "రాకపోతే ఏం?"

ఈలోపు వీధిలోకి వచ్చిన సేల్సు కుర్రాళ్ళు చెప్పినవీ విన్నారు. మొదటి మూడు నెలలు సగం రేటన్నాడొకడు. నాలుగో నెల ఎంత అని అడిగితే కరపత్రం వెనక్కి తిప్పి వెతుక్కున్నాడు. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు టీవీ, నెట్టు, ఫోను మూడూ కలిపి 149 రూపాయలన్నారని కండక్టరు గారికి బాగా గుర్తు. ఆ రేటు తర్వాత అక్కడ నిలవలేదు. "మొదటి రోజు రేటు చూసి బస్సెక్కకూడదురా" అని ఆ కుర్రాడికే చెప్పి మజ్జిగ ఇచ్చి పంపారు.

ఇక నా సంగతి. నన్ను వీధి గదిలో కిటికీ పక్కన బిగించారు, తీగ అటునుంచి వస్తుంది కాబట్టి. వెంట్రుకంత గాజు పోగు అది. వీధి చివర చిన్న పెట్టెలో ఒక్క పోగును ముప్పై రెండిళ్ళకు చీలుస్తారు. అందరి ఉత్తరాలూ నా గుమ్మం దాకా వస్తాయి, నా పేరున్నవి మాత్రమే నేను విప్పగలను. అక్కడిదాకా అంతా వెలుగు వేగమే. చిక్కు నా తర్వాత మొదలవుతుంది. ఆ ఇంటి గోడలు మూరెడు మందం. వంటింట్లో మామ్మగారి ఫోనుకు నా మాట చేరేది కాదు. కొడుకు పుణే నుంచి, "చెప్పానా, స్పీడు సరిపోదు, పెద్ద ప్లానుకు మారదాం" అన్నాడు. ఇక్కడ నేను కల్పించుకోక తప్పదు. 30 కొన్నా 300 కొన్నా గోడ గోడే. కొన్న వేగం నా దగ్గరికి వచ్చి ఆగుతుంది, గోడ దాటించే బలం ప్లానులో ఉండదు. నేను రెండు అలల మీద మాట్లాడతాను. 5 గిగాహెర్ట్జ్‌ది జోరుగా పోతుంది గానీ గోడ తగిలితే చతికిలబడుతుంది, 2.4ది నెమ్మదిగానైనా దూరం పోతుంది. బిగించిన కుర్రాడే మళ్ళీ వచ్చి, మరో పది మీటర్ల తీగ లాగి నన్ను నడవలో గూటికి మార్చి, మామ్మగారి ఫోనును 2.4కి కలిపి పోయాడు. తీగకు మూడు వందలు పుచ్చుకున్నాడు. ఆమె ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడే మనవరాలితో వీడియోలో మాట్లాడుతుంది. దానికి రెండు మూడు ఎంబీపీఎస్ చాలు.

గూట్లో పెట్టిన మర్నాడే నా మీద లేసు గుడ్డ పడింది. నరసాపురం ఆడవాళ్ళు తరాలుగా క్రోషా లేసు అల్లుతున్నారు. దానికి 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు లేసుకు వచ్చింది, అల్లినవాళ్ళకు ముక్కకు ఇంతని ఇచ్చే కూలి ఇప్పటికీ ఏజెంటు నోట్లోనే ఉంటుంది. కుర్రాడు చూసి, "మామ్మగారూ, గుడ్డ కప్పకండి, వేడెక్కుద్ది" అన్నాడు. తువ్వాలైతే అతను చెప్పింది నిజమే. లేసుకు సగం చిల్లులే, నాకేమీ ఉక్క పొయ్యలేదు. ఆమె మధ్యాహ్నాలు కొత్త అల్లికల వీడియోలు చూస్తుంది. వేలితో ఆపి, నాలుగు కుట్లు వేసి, మళ్ళీ వెనక్కి తిప్పి చూస్తుంది. ప్లానులో నెలకు 3,300 జీబీ హద్దు. ఈ ఇంట్లో ఏ నెలా వంద దాటలేదు. పడుకునే ముందు నా స్విచ్చి కట్టేస్తుంది. నేను తినేది నెలంతా కలిపినా ఏడు యూనిట్లే. కట్టేస్తే రెండు యూనిట్లు మిగులుతాయి. మిగలనీ.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను మా నరసాపురం దగ్గరే తీరం దాటింది. కరెంటు ముందే పోయింది. పాత ల్యాండ్ లైను ఫోనైతే ఎక్స్‌ఛేంజి నుంచి వచ్చే 48 వోల్టులతో కరెంటు లేకపోయినా మోగేది. నాకు ఆ సుఖం లేదు, ఇంట్లో కరెంటు పోతే నేనూ పోతాను. కరెంటు వచ్చాక కళ్ళు తెరిస్తే ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలిగింది. అంటే తీగలో వెలుగు రావడం లేదని. ఎక్కడో కొబ్బరిమట్ట పడి తెగింది. ఐదు రోజులు అలాగే ఉన్నాను. లైనుమెన్లు రాత్రింబవళ్ళు తిరుగుతున్నారు, వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. కండక్టరు గారు అన్నది కంపెనీ ఆఫీసువాళ్ళను.

"ఐదు రోజులు నెట్టు లేదు. గడువు ఐదు రోజులు జరపండి."

"తుఫాను కదండీ సార్, మా చేతుల్లో ఏముంది?"

"దారిలో బస్సు చెడిపోతే అదే టికెట్టు మీద వెనక బస్సు ఎక్కించేవాళ్ళం. టైరు పేలడం మా చేతుల్లో ఉందా?"

ఫిర్యాదు నంబరు రాసుకున్నారు, రెండుసార్లు గుర్తుచేశారు, మూడోసారి పై అధికారికి అప్పీలు ఎలా చేయాలని అడిగారు. ఐదు రోజులు కలిశాయి.

నవంబరు మా ఇంట్లో తిరునాళ్ళు. ఈపీఎస్‌వాళ్ళు బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్టు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన దగ్గర్నుంచి ఏడాది చెల్లుతుంది. అయినా నవంబరులోనే ఇవ్వాలన్న అలవాటు పోదు. ఏళ్ళ తరబడి టికెట్లు చింపిన బొటనవేళ్ళు అరిగిపోయి, వేలిముద్ర మిషను మీద పడవు. 2021లో ముఖం చూపిస్తే సరిపోయే పద్ధతి వచ్చాక ఆ బాధ తప్పింది. కొడుకు తండ్రి ఫోనులో దానికి కావాల్సిన యాప్‌లు రెండూ ఎక్కించి పెట్టాడు. డిపోలో కలిసి పనిచేసినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "రెప్ప ఆర్పు. ఒరే, ఒక్కసారి ఆర్పమంది, నిద్రపొమ్మనలేదు" అని కండక్టరు గారు కేకలేస్తుంటే, నా లైట్లు గబగబా కొట్టుకున్నాయి. ఆటో ఖర్చు, షాపువాడి ఫీజు మిగిలినందుకు ఒకాయన అరటిపళ్ళు పట్టుకొచ్చాడు.

నన్ను పెట్టినప్పుడు ఇన్‌స్టలేషను మాఫీ కోసం ఆర్నెల్లకు ఒకేసారి కట్టారు, 2,826. ఆయన ఒక నెల పింఛను మీద ఇంకో 26. అప్పట్లో ఆ డబ్బు లేసు ఏజెంటు ఇచ్చిన కవరులోంచి వచ్చిందని కొడుక్కి ఈనాటికీ తెలియదు. డిసెంబరులో గడువు దగ్గరపడింది. ఈసారి పన్నెండు నెలలకు కడితే ఒక నెల ఉచితమట.

"పన్నెండుకు కట్టేద్దాం. నెల కలిసొస్తుంది" అన్నారు కండక్టరు గారు.

"ఆర్నెల్లు చాల్లెండి. ఈ వయసులో ఏడాది ముందే కట్టడమేంటి? మధ్యలో ఎవరికేమైనా అయితే ఆ ఉచితం నెల ఎవరు చూస్తారు?"

"ఉన్నవాళ్ళు చూస్తారు. నువ్వు కవరు ఇటియ్యి."

"అందులో రెండు వేలే ఉన్నాయి. మిగతాది మీ పింఛన్లోంచి వెయ్యండి" అని మామ్మగారు నా మీది గుడ్డ తీసి దులిపి, కొత్తగా అల్లింది పరిచింది.