అడ్రసు పౌరుషం

ముత్తుకూరులో నా పేరు చెబితే మా ఇంటికి కొరియర్ రాదు. ‘టీచరమ్మగారిల్లు’ అనాలి. నా రొయ్యల మేత బిల్లయినా, మా అమ్మ మాత్రలయినా ముందు మా ఆవిడ చేతిలో పడాలి. ఎవరివి వాళ్లకు ఆమే పంచుతుంది.

ఇంటర్నెట్టులో నాట్ అనే అడ్రసు మార్పిడి చేసేదీ ఇదే. ఇంట్లో ఫోన్లూ టీవీలూ అన్నీ బయటికి ఒకే అడ్రసు మీద పోతాయి. ఏ జవాబు ఎవరిదో తెలియడానికి రూటర్ పోర్టు నెంబర్లు రాసుకుంటుంది. ఐపీవీ4 అనే అడ్రసుల పద్ధతిలో ఉన్నవే దాదాపు 429 కోట్లు. అవి చాలవని 1994లో తాత్కాలికంగా పెట్టుకున్న ఏర్పాటిది. తాత్కాలికమన్నవి శాశ్వతమవడం మన దగ్గరే అనుకున్నా.

మేడ మీదికి రెండో రూటర్ కొన్నప్పుడు నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. దాన్లోనూ నాట్ ఉంచితే పని జరిగిపోయేది. కానీ ఇక్కడా ఇంకొకరి పేరు మీద బతకాలా? నాట్ ఆపేసి అసలు సిసలు రూటింగ్ పెట్టాను. కింద 192.168.1, మీద 192.168.2. ఎవరి అడ్రసు వాళ్లది.

వెంటనే మేడ మీద నెట్ పోయింది. నేను పంపింది బయటికి పోతోంది గానీ, జవాబు కిందున్న మొదటి రూటర్ పెట్టె దాకా వచ్చి, ఈ 192.168.2 వాళ్లెవరో తెలియక అక్కడే తప్పిపోతోంది. ‘వాళ్లకు ఇచ్చేది మేడ మీది రూటర్ చేతికివ్వు’ అని ఆ పెట్టెలో ఒక స్టాటిక్ రూట్ రాయాలి. దాని పాస్‌వర్డు కేబులాయన దగ్గరుంది.

“నిన్నటిదాకా బాగనే వస్తా ఉణ్ణింది గదా సార్, ఎందుకు కెలికినారు?” అంటూనే వచ్చి రాసిపెట్టాడు.

ఓడరేవులాంటి పెద్ద చోటయితే ఈ రూటింగ్ సబబే. శాఖకో నెట్‌వర్కు ఉన్నప్పుడు మధ్యలో నాట్ పెడితే, తప్పెవరు చేసినా లాగ్‌లో అందరూ ఒకే పేరుతో కనబడతారు. నలుగురున్న ఇంట్లో ఎందుకని నన్నడక్కండి. పైగా ఆయన పెట్టె తెరిచినప్పుడు చూశాను, దాని బయటి అడ్రసు 100.72తో మొదలవుతోంది. అంటే మా వీధినంతా కలిపి పైన ఇంకో పెద్ద నాట్ నడుస్తోంది. నా పౌరుషం మేడ మెట్ల దాకానే.

అయినా రెండ్రోజులు గర్వంగానే తిరిగాను. మూడో రోజు రాత్రి నా బల్ల పక్కన ప్రింటరు దానంతటదే మొదలెట్టింది. ఎనిమిదో తరగతి సోషల్ ప్రశ్నపత్రం, కాపీ వెనక కాపీ. రూటింగ్‌లో దారి రెండు వైపులా ఉంటుంది మరి. అంతకు ముందు కింది నుంచి ఎవరికీ కనబడని నా ప్రింటరు అడ్రసు కొట్టి, మావాడు వాళ్లమ్మ లాప్‌టాప్‌కు కలిపేశాడు. తెల్లారేసరికి ఇంకు సగానికొచ్చింది.

ఆవిడ బడికి పోగానే నాట్ మళ్లీ పెట్టేశాను.

“ఏందండీ, ప్రింటరు దొరకడం లేదు?” అంది సాయంత్రం.

“కేబులాయన ఏం కెలికాడో ఏమో,” అన్నాను.