గంటలో బెజవాడ

హైదరాబాద్ నుంచి బెజవాడకి విమానంలో గంట, కారులో దాదాపు ఐదు గంటలు. ఈ లెక్క వినగానే ఏ అల్లుడికైనా విమానమే ముద్దొస్తుంది. పైగా అత్తారింటికి గాల్లో వెళ్లే హోదాయే వేరు.

ఒక కూకట్‌పల్లి అల్లుడి సంగతే చూద్దాం. అత్తారిల్లు భవానీపురం. మామూలు శనివారం, ఉదయం 6 గంటలు. అల్లుడు క్యాబ్ ఎక్కాడు. పక్క వీధిలో ఉండే బావమరిది కారు తీశాడు.

"బావగారూ, ముందు సీటు ఖాళీయే."

"నువ్వు పద. నేను టిఫిను తింటుంటే వస్తావులే."

బెజవాడ తూర్పున ఉంటే శంషాబాద్ దక్షిణాన ఉంది. బేగంపేట రోజుల్లో విమానాశ్రయం ఊళ్లోనే ఉండేది. 2008 మార్చిలో శంషాబాద్‌కి తరలింది. కూకట్‌పల్లి నుంచి అక్కడికి 40 కిలోమీటర్లు వెళ్లినా బెజవాడ పట్టుమని 15 కిలోమీటర్లు దగ్గరపడదు. ఏడుంబావుకి అల్లుడు అక్కడ దిగి, బ్యాగు అప్పగించి, బెల్టు విప్పి ట్రేలో పెట్టి, ప్యాంటు జారకుండా పట్టుకుని నిలబడే సమయానికి బావమరిది ఔటర్ దిగి చౌటుప్పల్ దారిలో ఉన్నాడు.

విమానం తొమ్మిదుంబావుకి. అది రెక్కల మీద ప్రొపెల్లర్లు తిరిగే ఏటీఆర్. గంటకి 500 కిలోమీటర్ల వేగం. శంషాబాద్ నుంచి బెజవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి ఆకాశంలో గీత గీస్తే సుమారు 260 కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారి మీద ఊరి నుంచి ఊరికి 275. పక్షిలా ఎగిరినందుకు మిగిలింది ఆ పదిహేనే! ఆ పూట బావమరిది సూర్యాపేటలో ఆగి, రెండు ఇడ్లీలు, ఒక పెసరట్టు తిని, టీ కూడా తాగాడు.

పదింబావుకి విమానం దిగింది. ఎక్కడ? బెజవాడ దాటాక, ఏలూరు దారిలో, 20 కిలోమీటర్ల అవతల. భవానీపురమేమో హైదరాబాద్ వైపు మొదట్లోనే ఉంది. అంటే అల్లుడు ఊరు దాటిపోయి, బ్యాగు కోసం ఎదురుచూసి, మళ్లీ క్యాబ్ మాట్లాడుకుని, రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్‌లో కూర్చుని, ఊరంతా అడ్డంగా దాటి వెనక్కి రావాలి. పదకొండున్నరకి గుమ్మం ఎక్కేసరికి లోపల బావమరిది కాళ్లు కడుక్కుని పేపరు చదువుతున్నాడు. వచ్చి పావుగంటయిందట.

(వందేభారత్ 2023 జనవరిలోనే వచ్చింది. సికింద్రాబాద్ నుంచి బెజవాడకి సుమారు నాలుగు గంటలు. కానీ రైలు దిగిన అల్లుడికి గొప్ప చెప్పుకోవడానికేముంటుంది?)

సంక్రాంతికైతే పందెం తిరగబడుతుంది. ఫాస్టాగ్ తప్పనిసరై 2021 నుంచి ఇన్నేళ్లయినా, భోగి ముందురోజు పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు చీమల్లా బారులు తీరతాయి. ఆ ఒక్క వారం అల్లుడిదే గెలుపు. అయితే ఆ వారం టికెట్టు ధర చూసినవాడికి చీమల బారే నయమనిపిస్తుంది.

"విమానంలో ఏం పెట్టారు అల్లుడుగారూ?" అంది అత్తగారు ఆ శనివారం, ప్లేటు పట్టుకొస్తూ.

"మంచినీళ్లండీ."

మామగారు పేపరు కిందికి దించి బావమరిది వైపు చూశారు. అల్లుడు మెల్లగా బావమరిది పక్కకి జరిగాడు.

"ఒరేయ్, ఎల్లుండి వెళ్లేటప్పుడు ఆ ముందు సీటు ఇంకా ఖాళీయేనా?"