ఉద్యానరావుగారు

ప్రతి పట్టణమునను, ప్రతి పేటయందును, పింఛను పుచ్చుకొనుచు, ఫైళ్ళు లేని లోటును మొక్కలతో తీర్చుకొను పెద్దమనుష్యు లొకరుందురు. వారి నామధేయ మేదైనను, నేను మాత్రము ఉద్యానరావుగారనియే వ్యవహరింతును. శరత్తు ముగియవచ్చి, ఆకాశదీపములు వెలుగు కార్తీకమున, ఊరెల్ల స్నానములకై ఏటికి పోవుచుండగా, వీరు చెవులకు మఫ్లరు చుట్టి, చేత కత్తెర ధరించి, గులాబీలమీదికి దండయాత్ర వెడలుదురు.

కొమ్మను వెలుపలివైపు చూచు కన్నునకు కొంచెము పైగా ఏటవాలున కోసి, కోసినచోట మైలుతుత్తము, సున్నము కలిపిన ముద్దను పూయవలెనని గ్రంథము విధించినది గనుక, ఆయన కొమ్మకొమ్మకును స్కేలు పట్టి, కచేరిలో సరిహద్దులు నిర్ణయించిన శ్రద్ధతోనే కోయుదురు. మల్లెపొదలకు నీరు మాన్పి, ఆకు దూసి, మోకాలెత్తునకు కత్తిరించినగాని వేసవిలో విరగబూయవు. ఈ మర్మ మెఱుగని పొరుగువారు "పాపము, వానిమీద నింత కక్ష యేల?" యని జాలిపడగా, ఆయన మందహాసము చేసి, "నా క్రింది గుమాస్తాలును మొదట నిట్లే యేడ్చెడివారు, పిమ్మట వారే డిప్యూటీ తాసిల్దారులైరి" అందురు.

చేమంతుల కథ వేఱు. పగలు కురుచయై రాత్రి దీర్ఘమైనగాని చేమంతి మొగ్గ తొడుగదు. ఆ రాత్రియందు దీపపు వెలుగు సోకెనా, అలిగి కూర్చుండును. ఉద్యానరావుగారి గోడప్రక్కనే పురపాలక సంఘమువారి దీపస్తంభ మున్నది. దానిని సాధించుటకు మూడేండ్లు అర్జీలు పెట్టినవారు ఈయనయే. ఏ కలముతో వెలుగును యాచించిరో, ఆ కలముతోనే ఇప్పుడు చీకటిని యాచించిరి. జవాబు రాలేదు. అంతట సాయంకాలము కాగానే ఇంటిలోని దుప్పట్లన్నియు చేమంతులపై కప్పసాగిరి. కుటుంబము వణకుచుండగా చేమంతులు సుఖముగా నిద్రించినవి. ఇంతలో దీపము దానంతటదియే ఆఱిపోయి, సంఘమువారి సహజధర్మము ననుసరించి రెండు నెలలు అట్లే యుండెను. మార్గశిరమున తోట పచ్చగా విచ్చెను. "చూచితిరా, అర్జీ మహిమ!" అని ఆయన పొంగిపోయిరి.

పూచినవి సరే, కోయుట కాయనకు మనసు రాదు. పూజకు రెండు పూవులిమ్మని భార్య యడిగినచో, "దేవునికి రాలిన పారిజాతములే ప్రీతి" యని శాస్త్రము చూపుదురు. కాని, విశ్రాంతి పొందిన కలెక్టరుగారు కాఫీకి వత్తురని తెలిసిన దినమున మాత్రము, వేకువనే లేచి మూడు చేమంతులు కోసి, కాడలను నీటిలోనే ఏటవాలుగా నఱికి, నీరంటు ఆకులు తీసి, ఎత్తైన కాడ పాత్రకు ఒకటిన్నర రెట్లుండునట్లు కొలిచి, జపానువారి రీతిని దానికి ఆకాశమనియు, నడిమిదానికి మానవుడనియు, పొట్టిదానికి భూమియనియు పేళ్ళు పెట్టి, ఇత్తడిచెంబులో నిలిపిరి. చెంబునకు జపానుభాష రాదు కాబోలు. ఆకాశము మానవునిపైనను, మానవుడు భూమిపైనను పడి, మువ్వురును గూడి నీళ్ళన్నియు ఆయన ఇస్త్రీపంచెపై కుమ్మరించిరి.

ఆయన పంచె మార్చుకొని వచ్చులోపల, భార్య కాడలు విఱిగిన పూలను తుంచి, వెడల్పైన పళ్ళెములో నీరు పోసి తేల్చి, చుట్టును బంతిపూలు, నాలుగు మరువపు రెమ్మలు చేర్చెను. కలెక్టరుగారు వచ్చి, "ఆహా! ఎంత నిరాడంబరమైన అందమండీ!" యనిరి. ఉద్యానరావుగారు గొంతు సవరించుకొని, ఆకాశ మానవ భూముల తత్త్వమును వివరింపబోయి, పళ్ళెమువంక చూచి, లెక్కపెట్టి, ఆగిపోయిరి. చేమంతులు రెండే యున్నవి. అంతలో కాఫీగ్లాసులతో భార్య వచ్చెను. ఆమె కొప్పులో ఆకాశము వెలుగుచుండెను.