రాయచూరులో చర్మం డాక్టరును వెతుక్కోవడం ఎలా

చర్మం డాక్టరు కోసం వెతుకులాట ఎప్పుడూ మెడికల్ షాపులోనే మొదలుపెట్టాలి. తీన్ కందిల్ దగ్గరైతేనేం, స్టేషన్ రోడ్డులోనైతేనేం, కౌంటరు మీద మోచేయి ఆనించి "అన్నా, మొహానికేదన్నా ట్యూబియ్యన్నా" అనండి. "ఇది పూయక్కా, నాలుగు దినాల్లో తెల్లగైతావు" అంటాడు. నిజంగానే అవుతారు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది మరి. ఇలాంటి స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దని 2018లో కేంద్రం చెప్పింది. చీటీ అడిగే షాపు కనబడితే అటు పోకండి, ఆయనకు వ్యాపారం చేతకాదు. కొన్నాళ్లకు తోలు పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, గడ్డం దగ్గర వెంట్రుకలు మొలుస్తాయి, ట్యూబు ఆపితే మొహం భగ్గుమంటుంది. కాబట్టి ఆపకండి. తామరకూ అదే పూయండి. దురద తగ్గుతుంది, తామర హాయిగా పాకుతుంది.

అప్పటికీ డాక్టరే కావాలంటే బోర్డు చూడండి. లేజర్, జుట్టు, పెళ్లికూతురి ప్యాకేజీ అని ఎన్ని రాసి ఉంటే అంత పెద్ద డాక్టరు. పేరు పక్కన ఎం.డి. ఉందా, అది చర్మవ్యాధుల్లోనేనా, కర్ణాటక మెడికల్ కౌన్సిల్ నంబరు ఉందా అని ఆరా తీయడం మర్యాద కాదు. సర్కారు ఆసుపత్రి రిమ్స్‌కైతే అసలే వద్దు. అక్కడ చదువుకునే పిల్ల డాక్టర్లు నలుగురు చుట్టూ చేరి, మీరు చూపించని చోట్లు కూడా చూస్తామంటారు.

మంచి డాక్టరు మొహం దాటి కిందికి చూడడు. చెప్పులు విప్పమన్నాడా, లేచి వచ్చేయండి. మన రంగువాళ్లకు చర్మ క్యాన్సర్ తక్కువే, ఆ మాట నిజం. వచ్చే ఆ కాస్తలో మెలనోమా అనే రకం మాత్రం తరచుగా అరికాల్లోనో గోటి కిందో, ఎవరూ చూడని చోట కూర్చుంటుంది. గాయకుడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోటి కింద వచ్చింది. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నాడు. 1977లో సంగతి తేలింది, 1981లో 36 ఏళ్లకే పోయాడు. మీరు ఫుట్‌బాల్ ఆడరు కదా! మీ కాలి మచ్చ ఆనెకాయే. అంచులు వంకరపోయినా, రంగు మారినా, నెలనెలా పెరుగుతున్నా బ్లేడుతో చెక్కుకోండి.

"ఏ ఊరమ్మా? ఏ బోరు నీళ్లు తాగుతారు?" అని అడిగే డాక్టరు ఇంకా ప్రమాదం. తోలు చూపిద్దామని పోతే నీళ్ల గోల ఎందుకు? హట్టి గని బంగారం మన జిల్లాకు గొప్పే గాని, బంగారం దొరికే ఈ రాతి పట్టీల్లో ఆర్సెనిక్ అనే విషం కూడా ఉంటుంది, అది బోరునీళ్లలోకి దిగుతుంది. కృష్ణ దాటితే యాదగిరి జిల్లా, అక్కడి సురపురం తాలూకా కిరదళ్లి తాండాలో బోరునీళ్లు తాగినవాళ్ల చర్మం మీద ఆర్సెనిక్ జబ్బు బయటపడింది. పరిశోధకుడు దీపాంకర్ చక్రవర్తి బృందం 2013లో దాని గురించి రాసింది. ఈ జబ్బులో అరచేతులు, అరికాళ్లు గట్టిపడి బొడిపెలు లేస్తాయి, ఛాతీ మీద వానచినుకులు పడ్డట్టు మచ్చలు తేలతాయి. ఏళ్లు గడిస్తే ఆ బొడిపెల్లోనే క్యాన్సర్ పుట్టొచ్చు. నీళ్లలో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. కాచినా పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఇంత చెప్పిన డాక్టరు మీ రంగు గురించి ఒక్క మాటన్నా అనడు. అలాంటివాడికి ఫీజు దండగ.

ఆఖరుకు చిన్న తోలు ముక్క తీసి పరీక్షకు పంపుదామంటాడు. "కత్తి పడితే ముదురుతుంది" అన్న పెద్దమ్మ మాట తలుచుకోండి. ఆమె ఏ కాలేజీలో చదివిందని ఎవరూ అడగలేదు గదా! ఫైలు చంకలో పెట్టుకుని నేరుగా పార్లరుకు నడవండి. గోల్డ్ ఫేషియల్ ఎంతో కనుక్కోండి, హట్టి బంగారమేనా అని కూడా అడగండి.