నోరు తెరవని పెద్దమనుషులు

పరీక్షకు ఎంత డబ్బు పోస్తే జబ్బు అంత దూరం పారిపోతుందన్నది గోదావరి డెల్టా పెద్దమనుషుల వైద్యశాస్త్రంలో మూలసూత్రం. కాబట్టే పండగ రాయితీలో ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీ కొని, క్యాన్సర్ ఉన్నప్పుడు రక్తంలో పెరిగే పదార్థాలను కొలిచే ట్యూమర్ మార్కర్లన్నీ హద్దులోనే ఉన్నాయని చదువుకుని, ఆ కాగితాన్ని పొలం దస్తావేజుల పక్కన బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆ మార్కర్లు ముఖ్యంగా రోగం బయటపడినవారికి చికిత్స ఎలా పనిచేస్తోందో చూడడానికేననీ, అండాశయ క్యాన్సర్ కోసం సీఏ-125ను స్కానింగుతో కలిపి ఏటా చేసినా మరణాలు తగ్గలేదని అమెరికా పరిశోధన 2011లోనే తేల్చిందనీ చెబితే వినేదెవరు? ప్యాకేజీలో ఉన్నది వదులుకోవడమంటే పెళ్ళి విస్తట్లో పూతరేకు వదిలి లేవడమే కదా!

స్క్రీనింగ్ అంటే ఏ బాధా లేనివారిలో జబ్బును ముందే వెతకడం. దానికి సర్కారు చూపిన దారి మాత్రం పరువు తక్కువగా చవక. 2016 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళవారికి అయిదేళ్ళకోసారి నోరు తెరిపించి చూస్తారు. స్త్రీలకైతే రొమ్ములు చేత్తో తడిమి చూడడంతోపాటు, గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్‌లో ఉండే ఆమ్లం పూసి తెల్లబడిన చోటు ఉందేమో గమనిస్తారు. ఆవకాయలోకైనా రానివ్వని వెనిగర్! అది ముంబై మురికివాడల్లో ముఖద్వార క్యాన్సర్ మరణాలను 31 శాతం తగ్గించినా, తిరువనంతపురం జిల్లాలో పొగాకు, మద్యం అలవాటున్నవారి నోళ్ళు చూసినంత మాత్రాన నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గినా, బిల్లు రాని పరీక్షకు గౌరవమెక్కడిది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30–49 ఏళ్ళ స్త్రీలలో ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు 1.9 శాతమే.

నోటి మీద చిన్నచూపు మరీ వింత. లంక పొగాకు పండించి, చుట్టలు చుట్టి, 1947లో పొగాకు పరిశోధనకే ఒక కేంద్ర సంస్థను రాజమహేంద్రవరంలో నిలుపుకున్న సీమ ఇది. పొగాకు రంగును వెలుతురులో తిప్పి తిప్పి చూడగల కళ్ళు, చుట్ట కాల్చిన నోటిలోని తెల్లమచ్చ దగ్గరకొచ్చేసరికి మసకబారతాయి.

సర్కారు తీరూ తక్కువేమీ కాదు. ఇంటింటి క్యాన్సర్ పరీక్షలు 2024 నవంబరులోనే రాష్ట్రమంతటా మొదలయ్యాయన్నారు. బిక్కవోలు మండలం బలభద్రపురంలో మాత్రం కేసులు ఎక్కువున్నాయన్న మాట 2025 మార్చిలో శాసనసభ దాకా పోయాకే వైద్య బృందాలు ఊరి మీద మోహరించాయి. వయసు చూసి రావలసిన పరీక్ష వార్త చూసి వచ్చింది.

ఎలాగో ఒకలా ఆశా కార్యకర్త గడపలోకి వచ్చి నోరు చూపమంటే, ‘మాకన్నీ రాజమండ్రిలో అయిపోయాయమ్మా’ అంటూ తలుపు మూస్తారు. ఆ ‘అన్నీ’లో నోరు చూడడం ఒక్కటి లేదు.