పోపులపెట్టె రూపాయి శాస్త్రం

శాస్త్రమన్నాక ముందు వస్తునిర్దేశం జరగాలి. ఇక్కడ వస్తువు రూపాయి. ఫోనులో టింగుమని పడే రూపాయి కాదు, బ్యాంకు పుస్తకంలో అంకెగా ఉండేదీ కాదు. పోపులపెట్టె అడుగున, మెంతుల గిన్నె కింద, పాత చీర పేలికలో మూటగట్టి ఉండే వెండి రూపాయి. బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. పన్నెండు పాళ్లలో పదకొండు వెండి, ఒకటి కల్తీ. ఒక పక్క రాణిగారో రాజుగారో, రెండో పక్క విలువా సంవత్సరమూ. క్షేత్రం పొన్నూరు, దాన్నంటుకుని ఉన్న నిడుబ్రోలు, జి.బి.సి. రోడ్డుకు అటూ ఇటూ ఉన్న పల్లెలు. స్వర్ణపురి అని పూర్వనామం చెప్పుకునే ఊళ్లో కూర్చుని వెండి మీద గ్రంథం రాయడం అపచారమే. కానీ బంగారం మీద శాస్త్రం రాసే స్తోమత ఇవాళ ఎవరికుంది?

ఈ శాస్త్రానికి సూత్రం ఒక్కటే: వెండి ధర పెరిగేకొద్దీ నాణేనికి ముఖం చెరిగి బరువు మిగులుతుంది. తక్కినదంతా భాష్యం.

భాష్యం లెక్కతో మొదలవుతుంది. తులం రూపాయిలో అచ్చవెండి 10.69 గ్రాములు. కిలో లక్ష రూపాయలున్న రోజున ఆ బిళ్లలోని వెండి విలువ 1,069 రూపాయలు. 2025 డిసెంబరులో కిలో రెండు లక్షలు దాటింది. ఆ లెక్కన అదే బిళ్ల 2,138. ఈలోగా ఆ బిళ్ల చేసిన పనల్లా మెంతుల కింద పడుకోవడం. డాలరు ముందు రూపాయి పడిపోయిందని పేపర్లు గోలపెడుతున్న ఏడాదిలోనే పోపులపెట్టెలోని ఒక రూపాయి రెండు వేల రూపాయలైంది. అర్థశాస్త్రంలో దీనికి ఏ పేరున్నా ఉండనీ, మన శాస్త్రంలో దీన్ని మెంతివడ్డీ అంటారు.

ఇక ఈ బిళ్లను చూసే కళ్ల సంగతి. మొదటిది సేకర్త కన్ను. పొన్నూరులాంటి ఊళ్లో సేకర్త తరచు రిటైరైన మాస్టారై ఉంటాడు. భూతద్దం, బోలెడంత తీరిక రెండూ ఆయనకే ఉంటాయి గనక. ఆయనకు త్రాసుతో పనిలేదు. 1862 అని ముద్రించిన విక్టోరియా రూపాయి కనబడితే ఆయన భోజనం మానేస్తాడు. ఎందుకంటే టంకశాలవాళ్లు 1862 మొదలు 1873 దాకా రూపాయి మీద సంవత్సరం మార్చకుండా కొట్టుకుంటూ పోయారు. అసలది ఏ ఏటిదో తేల్చాలంటే వెనకవైపు చుక్కలు లెక్కపెట్టాలి. పై చుక్కలు, కింది చుక్కలు, ఉన్నాయా లేవా అని సందేహం కలిగించే చుక్కలు. వేదాంతంలో కూడా ఇంత చర్చ లేదు.

ఆ తర్వాత పంది రూపాయి ప్రకరణం. 1911లో అయిదో జార్జి బొమ్మతో కొత్త రూపాయి వచ్చింది. రాజుగారి వస్త్రాల మీద ఒక చిన్న ఏనుగు ఉండాలి. చెక్కినవాడి చేతివాటమో, తొండం పొట్టిదైందో, అది జనానికి పందిలా కనిపించింది. అటు ముస్లింలు ఇటు హిందువులు, రాజుగారి ఒంటి మీద పందేమిటని గోల పెట్టారు. ప్రభుత్వం ఆ రూపాయలను వెనక్కి లాక్కుని, 1912 నుంచి ఏనుగును ఏనుగులా చెక్కించింది. వెనక్కి రాకుండా తప్పించుకున్న పందులే ఇవాళ మాస్టారికి ప్రాణం.

రెండోది కంసాలి కన్ను. దీని గురించి ఎక్కువ రాయక్కర్లేదు, ఎందుకంటే అది త్రాసు ముల్లు దాటి పక్కకు పోదు. ఈ రెండు దర్శనాల మధ్య జరిగే వాదం ఇలా ఉంటుంది.

"ఇది 1911 రూపాయి ఆచారిగారూ, పంది రూపాయి."

"పందైనా ఏనుగైనా తులమే మాస్టారూ. తరుగు పోను ఎంతొస్తుందో చెప్పమంటారా?"

శంకరుడు ఎంతమందిని ఓడించాడో గానీ, వెండి రెండు లక్షలున్న రోజున ఆచారిగారిని ఓడించడం ఆయన తరమూ కాదు. లక్ష ఉన్నప్పుడు మామూలు జార్జి రూపాయికి సేకర్త వెండి కంటే కాస్త ఎక్కువిచ్చేవాడు. ఆ 'కాస్త' పేరే చరిత్ర. ఇప్పుడు వెండి లేచి ఆ కాస్తను మింగేసింది. మాస్టారు ఇవ్వగలిగింది, ఆచారిగారు ఇచ్చేది ఒకటే అయినప్పుడు, అమ్మేవాడు ఎవరి కొట్టు దగ్గరైతే వాడి దగ్గరికే పోతాడు. ఆచారిగారి కొట్టు బజార్లో ఉంటుంది. మాస్టారి ఇల్లు సందులో.

ఈ ధరల వల్ల ఒక పాతకం మాత్రం ప్రక్షాళనమైంది. మనవాళ్లు పండగొస్తే వెండిని విబూదితో, పళ్లపొడితో తోముతారు. దీపపు కుందితోపాటు రూపాయిని కూడా. తోమిన నాణెం చూస్తే సేకర్తకు గుండె ఆగుతుంది. వందేళ్ల నల్లదనం పోయి, రాణిగారి చెంప అరిగి, జుట్టు పాయలు కనబడక, ధర సగానికి పడేది. ఇప్పుడు ఆ బాధ లేదు. పళ్లపొడి వల్ల పోయే వెండి త్రాసుకు తెలియనంత. పతకంగా వేసుకోవడానికి కొక్కెం అతికించిన రూపాయిని కూడా పూర్వం సేకర్త దగ్గరికి రానిచ్చేవాడు కాదు. కంసాలి ఆ అతుకు బరువు తీసేసి తక్కినదానికి లెక్క కడతాడు. లోకంలో సమతాభావం ఎక్కడైనా ఉందంటే మూసలోనే.

మూడోది మామ్మ కన్ను. పెట్టె ఆవిడది గనక ఇదే ప్రధానం. మామ్మకు విక్టోరియా రాణి కాదు, లక్ష్మీదేవి. శ్రావణ శుక్రవారం కలశం ముందు ఆ బిళ్లలను పేర్చి కుంకుమ పెడుతుంది. ఎన్నో శ్రావణాలు గడిచి రాణిగారి నుదురు శాశ్వతంగా ఎరుపెక్కింది. లండన్‌లో ఆమెకు ఇంతటి పూజ జరిగిందో లేదో. వెండి పెరిగిందని తెలిశాక మామ్మ చేసిన మార్పల్లా మూటకు ఇంకో ముడి వేయడం. డల్లాస్‌లో ఉన్న మనవడు ఫోను చేసి, "మామ్మా, రేటు బాగుంది, ఇప్పుడే అమ్మెయ్యవే" అంటాడు. "నీ డాలరు పెరిగితే నువ్వు అమ్ముకుంటున్నావట్రా? దాచుకుంటున్నావుగా! నోరు మూసుకో" అని ఆవిడ సమాధానం.

ఈ వాదానికి మామ్మకు తెలియని చారిత్రక బలం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇండియాలో వెండి రూపాయలకు కటకట వచ్చింది. అప్పుడు అమెరికా 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం చేసి, దాని కింద దాదాపు 27 కోట్ల వెండి డాలర్లను కరిగించింది. ఆ వెండిలో చాలా భాగాన్ని ఇండియా కోసం బ్రిటన్‌కు అమ్మింది. కాబట్టి పోపులపెట్టెలో 1918, 1919 జార్జి రూపాయి ఉంటే, అది పూర్వజన్మలో డాలరై ఉండే అవకాశం బాగానే ఉంది. మనవడు డల్లాస్‌లో సంపాదించే దానికీ మామ్మ మెంతుల కింద దాచిన దానికీ గోత్రం ఒకటే. ఇంతకీ ఆ డాలర్లు ఎందుకు కరిగాయి? వెండికి కటకట వచ్చినందుకు. అమెరికా సేకర్తలు ఆనాటి నుంచి ఏ సంవత్సరపు డాలర్లు ఎన్ని కరిగాయో తెలియక తలలు పట్టుకుంటున్నారు.

నాణెం ముఖం చూడకుండా బరువు చూసినవాళ్లలో ప్రభుత్వానిదే అగ్రతాంబూలం. ఆ యుద్ధకాలంలో రూపాయిలోని వెండి రూపాయి కంటే విలువైపోతుందన్న భయంతో 1917లో ఒక రూపాయి నోటు అచ్చేశారు. ఆ వెనకే బేడ, పావలా, అర్ధరూపాయి రాగి-నికెల్ మిశ్రమంలోకి దిగాయి. రెండో యుద్ధం రాగానే 1940లో రూపాయిలో వెండిని సగానికి కోశారు. 1947కి వెండి పూర్తిగా పోయి, పులిబొమ్మతో నికెల్ రూపాయి వచ్చింది. మామ్మ మాత్రం మూటలోంచి ఒక్క వెండి బిళ్లను కూడా నికెల్‌కు మార్చుకోలేదు. ద్రవ్యవిధానంలో ఇద్దరిలో ఎవరు స్థిరంగా ఉన్నారో పాఠకులే చెప్పాలి.

ఇక్కడ ఒక ఉపసూత్రం పుడుతుంది: చరిత్రలో మిగలదలచిన నాణెం చవక లోహంలో పుట్టాలి. ఈ గడ్డనేలిన శాతవాహనులు సీసంతో, పోటిన్ అనే మిశ్రమలోహంతో నాణేలు కొట్టారు. వాటిని కరిగించి పట్టీలు చేయించుకోవాలని ఏ ఇల్లాలికీ బుద్ధి పుట్టలేదు. అందుకే అవి మిగిలి, 1908లో రాప్సన్ వాటి మీద బ్రిటిష్ మ్యూజియం కేటలాగు రాయగలిగాడు. తూర్పు చాళుక్యులు బంగారంలో కొట్టారు. శక్తివర్మ, రాజరాజనరేంద్రుల బంగారు నాణేలు కొన్ని మనకు దొరికింది ఎక్కడయ్యా అంటే బర్మా తీరాన అరకాన్ దీవుల్లో. శ్రీనాథుడికి ప్రౌఢదేవరాయలు కనకాభిషేకం చేయించాడంటారు. ఆ టంకాల్లో ఒక్కటైనా ఎవరింటి పోపులపెట్టెలో చేరిందన్న దాఖలా లేదు. కవుల ఇళ్లలో బంగారం నిలవదన్నది వేరే శాస్త్రం.

ఈ ఉపసూత్రం సేకర్తలకు ఆలస్యంగానైనా అర్థమైంది. వెండి అందనంత ఎత్తుకు పోయాక వాళ్లు ఒక్కో మెట్టూ దిగుతున్నారు. 1943 నుంచి కొట్టిన చిల్లు కానీకి గౌరవం వచ్చింది. యుద్ధంలో కంచు ఆదా చేయడానికి మధ్యలో చిల్లుపెట్టిన కాసు అది. చిల్లుపెట్టి ఆదా చేసిన కంచు ఎక్కడికి పోయిందో తెలియదు గానీ, చిల్లుకు మాత్రం ఇప్పుడు ధర ఉంది. 1968లో మొదలైన తామరపువ్వు ఇరవై పైసల బిళ్ల మీద అంతకుముందే పోటీ ఉంది. అందులో బంగారం కలిసిందని ఒక పుకారు, 108 బిళ్లలతో లక్ష్మీపూజ చేస్తే మంచిదని ఒక నమ్మకం. నిజానికి అందులో ఉన్నది రాగి మిశ్రమలోహమే. పూజకు కావలసింది తామర, కలిసొచ్చింది పచ్చరంగు. చిట్టచివరి మెట్టు మీద పది రూపాయల బిళ్ల ఉంది. దొంగదని చెప్పి మన బజార్లలో తీసుకోవడం మానేస్తే, 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని ప్రకటించాల్సి వచ్చింది. ఎవరూ తీసుకోని నాణేన్ని సేకరించడమంత తేలిక మరొకటి లేదు. పర్సు తెరిస్తే చాలు, సేకరణ ప్రారంభమైపోతుంది.

చట్టం ఏమంటుందన్నది తర్వాతి శంక. 1878లో చేసిన నిధుల చట్టంలో, భూమిలో దొరికిన సొత్తు పది రూపాయలకు మించితే కలెక్టరుకు తెలపాలని రాశారు. ఆనాడు పది రూపాయలంటే పది తులాల వెండి. కిలో రెండు లక్షలున్న రోజున పది రూపాయల వెండి అంటే గ్రాములో ఇరవయ్యో వంతు. మరి పోపులపెట్టె భూమి కిందికి వస్తుందా? రాదు. మెంతులు మట్టి కావు.

చివరిది భ్రమప్రకరణం, దీన్ని త్వరగా ముగించాలి. వైష్ణోదేవి బొమ్మ నాణేనికి లక్షలిస్తామని, ట్రాక్టర్ నోటుకు పాతిక లక్షలిస్తామని ఫోన్లలో సందేశాలు తిరుగుతుంటాయి. ముందు ఫీజు కట్టమంటారు. రిజర్వు బ్యాంకే కొంటోందని కూడా రాస్తారు. తన పేరుతో జరిగే ఈ మోసాలను నమ్మొద్దని ఆ బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఇచ్చిన మాటకు సాక్ష్యం చెప్పడానికి దేవుడే కదిలొచ్చాడని స్థలపురాణం ఉన్న ఊరిది. సాక్షి భావనారాయణుడైనా వాట్సాప్ సందేశాలకు సాక్ష్యం చెప్పడానికి రాడు.

ఇక ఫలశ్రుతి. ఈ శాస్త్రాన్ని ధనత్రయోదశి నాడు చదివినవారికి వెండి చవకవుతుందని హామీ ఇవ్వలేను. 1980 జనవరిలో అమెరికాలో హంట్ సోదరులు ఔన్సును యాభై డాలర్ల దగ్గరికి తీసుకెళ్లారు, మార్చి నెలాఖరుకల్లా అది కూలింది, ఈలోగా కరిగిపోయిన నాణేలు మాత్రం తిరిగి నాణేలు కాలేదు. కాబట్టి పొన్నూరు, నిడుబ్రోలు ఇల్లాళ్లకు, వాళ్ల మనవలకు ఒక మనవి. మూట విప్పి బజారుకు వెళ్లేముందు సంవత్సరం చూడండి. 1940 నుంచి 1945 దాకా ఉంటే అందులో వెండి సగమే, ఆచారిగారితో తగువు పెట్టుకోకండి. 1938 అయితే మీ ఇష్టం. 1939 అని ఉంటే మాత్రం, ఎవరో 8ని 9గా చెక్కారేమో చూపించుకోండి. అసలైనదైతే అది మన దేశపు అరుదైన రూపాయల్లో ఒకటి. త్రాసులో 1938కీ దానికీ తేడా ఉండదు. దాన్ని మూసలో వేయకండి, పళ్లపొడితో తోమకండి, సందులో ఉన్న మాస్టారింటికి వెళ్లండి.